నాలుగు అరచేతుల పట్టు

బోద్రీ పక్కనున్న చకర్‌భాఠా స్టేషన్లో కాసేపు నిలబడితే గూడ్సు బండి చప్పుడు రెండు రకాలుగా వినిపిస్తుంది. కోర్బా గనుల బొగ్గు నింపుకుని బిలాస్‌పూర్ మీదుగా పడమటికి వెళ్లే బండి పట్టాలను అదిమిపెట్టి ఒకే మూలుగుతో సాగిపోతుంది. సరుకు దించుకుని తిరిగొచ్చే ఖాళీ బండి గిన్నెల గంప దొర్లినట్టు దడదడలాడుతుంది. వ్యాగన్లు అవే, చక్రాలు అవే, స్ప్రింగులూ అవే. బాక్స్‌ఎన్ వ్యాగన్ ఒట్టిగా ఉంటే 22 టన్నుల పైచిలుకు తూగుతుంది, బొగ్గు నింపితే 80 టన్నులు దాటుతుంది. ఒకే స్ప్రింగు ఈ రెండు బరువులనూ మోయాలంటే ఎవరో ఒకరికి అన్యాయం తప్పదు. రైల్వే ఇంజనీర్లు నిండు బండి పక్షం వహించారు. ఆ బరువుకు తగ్గట్టు స్ప్రింగులు గట్టిగా పెట్టి, పక్కనే ఒరుసుకునే ఇనుప చీలలు అమర్చారు. బరువు పెరిగేకొద్దీ చీలల ఒరిపిడి పెరిగి ఊపు అణుగుతుంది. ఖాళీ బండికి ఆ స్ప్రింగు మరీ బిరుసు. అందుకే ఆ దడదడ.

బిలాస్‌పూర్ తెలుగువాళ్లకు ఇలాంటి సంగతులు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఈ ప్రాంతానికి రైలే ఆయువుపట్టు. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య దారి దగ్గరైంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూరే ప్రధాన కేంద్రమైంది. రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు బోగీ, స్ప్రింగు, డ్యాంపరు అన్నవి ఇంట్లో వినపడే మాటలు. రేసు కారు సస్పెన్షన్‌ను సర్దే విద్య దూరదేశపు ధనికుల సరదాలా కనిపిస్తుంది గానీ, దాని మూలసూత్రాలన్నీ ఆ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి చూడదగ్గవే.

ఆ విద్యకు అసలు పరీక్ష పెట్టే ఆట పేరు ఆటోక్రాస్. ఖాళీ మైదానంలోనో, పెద్ద పార్కింగ్ స్థలంలోనో, వాడకం లేని రన్‌వే మీదో రబ్బరు కోన్లు పేర్చి వంకర టింకర దారి కడతారు. ఒకసారికి ఒకే కారు. పోటీ గడియారంతోనే, పక్క కారుతో కాదు. ఒక పరుగు సాధారణంగా నిమిషం అటూ ఇటూ. వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటడం అరుదు. మన దేశంలో మోటారు క్రీడలను పర్యవేక్షించే ఎఫ్‌ఎంఎస్‌సీఐ నీడలో జరిగే ఆటోక్రాస్‌లు చాలావరకు మట్టి నేల మీదివి. అమెరికాలో ఇది తారు, కాంక్రీటు మీద ఆడే ఆట. అక్కడి ఎస్‌సీసీఏ అనే సంస్థ 1973 నుంచి దీనికి జాతీయ పోటీలు పెడుతోంది. కొన్నేళ్లుగా ఆ పోటీలు నెబ్రాస్కా రాష్ట్రం లింకన్ నగరంలో, పూర్వం వైమానిక స్థావరంగా ఉన్న చోట కాంక్రీటు మీద జరుగుతున్నాయి. వెయ్యిమందికి పైగా డ్రైవర్లు వస్తారు. ఒక కోను తగిలితే 2 సెకన్లు కలుపుతారు. గెలుపోటములు సెకనులో వెయ్యో వంతు దాకా లెక్కించే ఆటలో 2 సెకన్లంటే ఇంటికి బయల్దేరమన్నట్టే.

ఇక్కడ ఇంజన్ బలం పెద్దగా అక్కరకు రాదు. తిన్నటి దారి దొరికేలోపే మలుపు వస్తుంది. కారు నేలను ఎంత గట్టిగా పట్టుకోగలదన్నదే లెక్క.

ఆ పట్టు ఉండే చోటు చాలా చిన్నది. వెయ్యి కిలోల కారును నాలుగు టైర్లూ సమానంగా మోస్తే ఒక్కోదాని మీద 250 కిలోలు. టైర్లో గాలి 30 పీఎస్ఐ ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోలు, టైరు నేలకు తగిలే జాగా 120 చదరపు సెంటీమీటర్లు. మనిషి అరచేతి పాటిది. కారు పరిగెత్తినా, ఆగినా, తిరిగినా ఆ నాలుగు అరచేతుల మీదే. సస్పెన్షన్ సర్దడమంటే కారును గట్టిగా, బిర్రుగా చేయడమని చాలామంది అనుకుంటారు. ఆ నాలుగు అరచేతుల్లో దేని మీద ఎంత బరువు, ఎప్పుడు పడాలో నిర్ణయించడమే అసలు పని.

కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి బరువు జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: మలుపు తీవ్రత, కారు బరువు కేంద్రం ఉన్న ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం. వెయ్యి కిలోల కారుకు బరువు కేంద్రం 46 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, చక్రాల మధ్య 1.4 మీటర్లుంటే, భూమ్యాకర్షణకు సమానమైన బలంతో తిరిగినప్పుడు దాదాపు 330 కిలోలు బయటి పక్కకు చేరతాయి. మొదట అటు 500, ఇటు 500 ఉన్నవి ఇప్పుడు అటు 830, ఇటు 170. గట్టి స్ప్రింగు వేసినా, మెత్తని స్ప్రింగు వేసినా ఈ మొత్తం ఇంచుమించు మారదు. కారు ఒరగడం తగ్గితే బరువు జరగడమూ తగ్గిపోతుందన్నది ఎందరో కుర్రాళ్లు డబ్బు పోసి కొనుక్కునే అపోహ.

మరి స్ప్రింగులు మార్చి ప్రయోజనం ఏమిటి? అందుకు టైరు స్వభావం తెలియాలి. స్టేషన్లో ఇద్దరు కూలీలు చెరో 40 కిలోలు మోస్తే హాయిగా నడుస్తారు. ఒకరికి 70, ఇంకొకరికి 10 ఇస్తే మొత్తం అదే 80 అయినా పని కుంటుపడుతుంది. టైరూ అంతే. దాని మీద బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది గానీ, అదే నిష్పత్తిలో పెరగదు. లెక్క కోసం అనుకుందాం: 250 కిలోల బరువు మీద టైరు 250 కిలోల పట్టు ఇస్తోంది. బరువు 400కు పెరిగితే అది 400 ఇవ్వదు, 376 ఇస్తుంది. జతలోని రెండో టైరు మీద మిగిలిన 100 కిలోలకు 106 వస్తుంది. రెండూ కలిపితే 482. సమానంగా ఉన్నప్పుడు 500. ఆ 18 ఎక్కడికీ పోలేదు, అసలు పుట్టనే లేదు.

కనుక ముందు జతలో బరువు ఎక్కువగా ఒక పక్కకు జరిగితే ముందు పట్టు తగ్గుతుంది, వెనక జతలో జరిగితే వెనక పట్టు తగ్గుతుంది. మొత్తం ఎంత జరగాలో ప్రకృతి నిర్ణయిస్తుంది. దాన్ని ముందు వెనకల మధ్య ఎలా పంచాలో మాత్రం మన చేతిలో ఉంది. స్టీరింగ్ తిప్పినా ముక్కు బయటికే పోతోందా? ముందు భాగాన్ని మెత్తబరచాలి, లేదా వెనక భాగాన్ని బిగించాలి. తోక జారి కారు గిర్రున తిరుగుతోందా? దీనికి తలకిందులు. మెత్తదనం వల్ల పట్టు పెరుగుతుందన్నమాట వినగానే నమ్మబుద్ధి కాదు, కానీ గడియారం దాన్నే రుజువు చేస్తుంది.

ఈ పంపకానికి చవకైన పనిముట్టు యాంటీ రోల్ బార్. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ పోయే ఉక్కు కడ్డీ. రెండు చక్రాలూ కలిసి లేస్తే అది ఊరుకుంటుంది. ఒకటి లేచి ఒకటి దిగితే మెలిపడి ఎదురు తిరుగుతుంది. దీన్ని చూడాలంటే కారు కిందికి దూరనక్కర్లేదు. ఎల్‌హెచ్‌బీ అనే రైలు పెట్టెల బోగీలోనూ ఇలాంటి కడ్డీ ఉంది. పాత ఐసీఎఫ్ పెట్టెల కంటే సుఖంగా ఉండాలని వాటికి మెత్తని స్ప్రింగులు పెట్టారు. మెత్తని స్ప్రింగుల మీద పొడవాటి పెట్టె మలుపులో వాలిపోకుండా ఆ కడ్డీ కాపు కాస్తుంది. జర్మనీ సాంకేతికతతో 2000 ప్రాంతంలో మన దేశానికి వచ్చిన ఈ పెట్టెలదే ఇప్పుడు రాజ్యం. చెన్నైలో ఐసీఎఫ్ నమూనా తయారీ 2018లో ఆగిపోయింది. అయితే రైలుకున్న ఒక సౌకర్యం ఆటోక్రాస్ కారుకు లేదు. మలుపులో బయటి పట్టాను ఎత్తు చేసి రైలును లోపలికి వాలుస్తారు. పార్కింగ్ స్థలం మాత్రం చదునుగా చాప పరిచినట్టుంటుంది.

కడ్డీ మందం కొద్దిగా పెరిగినా బిగువు విపరీతంగా పెరుగుతుంది. గుండ్రటి కడ్డీ మెలితిరగకుండా నిలిచే బలం దాని వ్యాసానికి నాలుగో ఘాతంగా ఎదుగుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22ది వేస్తే 10 శాతమే మందం, కానీ 46 శాతం బిగువు. ముందు చక్రాలే లాగే చిన్న కార్లకు, అంటే మన రోడ్లమీద కనిపించే హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి, ముక్కు బరువు ఎక్కువ. వాటి ముక్కు బయటికి పోయే జబ్బుకు మందు వెనక బార్ లావు చేయడం. అలా సర్దిన కారు మలుపులో లోపలి వెనక చక్రం గాల్లోకి ఎత్తుతుంది, స్తంభం దగ్గర కుక్క కాలెత్తినట్టు. చూసేవాళ్లు గాభరా పడతారు. నడిపేవాడికి అది శుభసూచకం: వెనక జతలో జరగవలసిన బరువంతా జరిగిపోయింది, ముందు రెండు టైర్లకూ కాస్త ఊపిరాడింది.

ఇక స్ప్రింగులు. కారు బరువుకు స్ప్రింగు ఎంత కుంగిందన్నదాన్ని బట్టి దాని ఊపు లెక్క కట్టవచ్చు. సుమారు 25 సెంటీమీటర్లు కుంగితే కారు సెకనుకు ఒకసారి మెల్లగా ఊగుతుంది, పల్లకీ సుఖం. 6 సెంటీమీటర్లే కుంగితే సెకనుకు రెండుసార్లు. మామూలు కార్లు ఒకటి ఒకటిన్నర మధ్య, పందేల కోసం గట్టిపరచిన కార్లు రెండు రెండున్నర దగ్గర ఉంటాయి. ఊపు రెట్టింపు కావాలంటే స్ప్రింగు బిగువు నాలుగు రెట్లు కావాలి. ఇందులో ముందు వెనకల తేడా కూడా ముఖ్యమే. 1930లలో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ, బరువులు అటూ ఇటూ జరపడానికి వీలున్న ఒక కారు కట్టి దీన్ని పరిశీలించాడు. వెనక భాగం ఊపు ముందుదానికంటే కాస్త చురుగ్గా ఉంటే, గతుకు దాటాక వెనక భాగం ముందుదాన్ని అందుకుని కారు సమంగా కుదుటపడుతుందని తేల్చాడు. నేటి కుటుంబ కార్లలో ఎక్కువ భాగం ఆ మాట వింటాయి. ఆటోక్రాస్‌లో అంత శ్రద్ధగా వినరు. అక్కడ నడుము నొప్పి డ్రైవరు సొంత వ్యవహారం.

అసలు చిక్కంతా షాకప్‌లతో. పేరు షాక్ అబ్జార్బర్ గానీ, కుదుపును మింగేది స్ప్రింగు. షాకప్ చేసేది ఆ స్ప్రింగు ఊగులాటను ఆపడం. గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కు సన్నని రంధ్రాలు, వాటిమీద పలుచటి ఉక్కు బిళ్లలు. నూనె ఆ సందుల్లోంచి దూరడానికి పడే అవస్థే ఊపును వేడిగా మార్చి చంపుతుంది. ఐసీఎఫ్ బోగీలో చక్రాల దగ్గర ఉండే డాష్‌పాట్ కూడా ఇదే పద్ధతి.

కోన్ల వరసను తలుచుకుంటే షాకప్ విలువ తెలుస్తుంది. 17 మీటర్లకొకటి చొప్పున కోన్లు, కారు వేగం గంటకు 60 కిలోమీటర్లు. అంటే సెకనుకొక కోను. ఎడమకు ఒరిగిన కారు ఆ ఒరుగు పూర్తయ్యేలోపే కుడికి ఒరగాలి, మళ్లీ ఎడమకు. పొడవాటి రేసు ట్రాకు మీద కారు ఒక మలుపులో కుదురుకుని కొన్ని సెకన్లు అలాగే సాగుతుంది. ఆటోక్రాస్‌లో కుదురుకోవడమన్నదే ఉండదు, పరుగంతా మారడమే. చక్రం మీద చివరికి ఎంత బరువు పడాలో స్ప్రింగులు, బార్లు తేలిస్తే, ఆ బరువు ఎంత త్వరగా పడాలో షాకప్‌లు తేలుస్తాయి. కాబట్టే ఈ ఆటలో అనుభవజ్ఞులు స్ప్రింగుల కన్నా ముందు మంచి షాకప్‌ల మీద డబ్బు పెడతారు. వాటికి చిన్న మరలుంటాయి. ఒక్కో చిటుకు తిప్పితే కొంత బిగువు. నొక్కుకుపోయేటప్పటి బిగువు వేరు, సాగేటప్పటి బిగువు వేరు. సాగే బిగువు అతిగా పెంచితే, గతుకు ఎక్కి పైకి లేచిన చక్రం తిరిగి నేలకు దిగేలోపే రెండో గతుకు వచ్చేస్తుంది. కారు ఒక్కో గతుక్కీ కాస్త కాస్త కిందికి జారి, చివరికి కుంగడానికి చోటే మిగలదు. చక్రం గాల్లో ఉన్నంతసేపూ ఆ అరచేతిలో ఏమీ లేనట్టే.

గతుకుల నేల అనగానే హైదరాబాద్ గుర్తుకొస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, మామూలు రోజుల్లో ఆటోలూ బస్సులూ తిరిగే వీధుల్లో 2.83 కిలోమీటర్ల దారి కట్టి ఫార్ములా–ఈ పందెం నడిపారు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అది ఆటోక్రాస్ కాదు, కార్లన్నీ కలిసి పరిగెత్తే పందెం. కానీ వీధి తారు మీద అతుకులు, మూతలు, ఎత్తుపల్లాలు నున్నటి ట్రాకు కారును కోతిలా గెంతిస్తాయి. కాబట్టి వీధి పందేలకు కార్లను కొంత మెత్తగా, కొంత ఎత్తుగా సర్దుతారు. సస్పెన్షన్ మీద ఎంత భారం పడుతుందో రెండు వారాలకే లోకం చూసింది. ఫిబ్రవరి 25న కేప్‌టౌన్ పందెంలో వెనక సస్పెన్షన్ భద్రత మీద అనుమానం వచ్చి మహీంద్రా జట్టు తన రెండు కార్లనూ ఉపసంహరించుకుంది. ఆ కార్లనే వాడుతున్న ఏబీటీ జట్టూ తప్పుకుంది.

మలుపులో కారు ఒరిగితే చక్రమూ ఒరుగుతుంది. బయటి టైరు తన బయటి అంచు మీద నిలబడి, అరచేయి కాస్తా పిడికిలి అంచవుతుంది. దీనికి విరుగుడుగా చక్రాల పై భాగాన్ని ముందే లోపలికి వంచి పెడతారు. దాన్నే నెగెటివ్ క్యాంబర్ అంటారు. మామూలు కారుకు ఇది ఒక డిగ్రీలోపే, ఆటోక్రాస్ కారుకు రెండు నుంచి మూడు డిగ్రీలు. చవక కార్లలో వాడే మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఒరుగులో క్యాంబర్‌ను సరిగ్గా నిలుపుకోలేదు కనుక వాటికి మరీ అవసరం. 1989లో షికాగో ప్రదర్శనలో మాజ్డా బయటపెట్టిన మియాటాకు నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ అమరిక ఉంది. ఒరిగినా టైరు నేలకు చదునుగా ఆనడానికి అది సాయపడుతుంది. వెయ్యి కిలోల లోపు బరువు, ముందు వెనకలకు దాదాపు సమానమైన పంపకం. ముప్ఫై ఏళ్లు దాటినా ఆటోక్రాస్ మైదానాల్లో ఆ కారు ముఖం కనిపించని రోజు ఉండదు. తమాషా ఏమిటంటే, దాని స్ప్రింగులు మెత్తన, ఒరుగు బాగా ఎక్కువ.

టైర్ల ముక్కుల దిశ, అంటే టో, ఇంకో చిన్న మంత్రం. ముందు చక్రాల ముక్కులు ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి తిరిగి ఉంటే స్టీరింగ్ కదపగానే కారు మలుపులోకి దూకుతుంది. హైవే మీద మాత్రం అదే కారు తాగినవాడిలా అటూ ఇటూ వెతుక్కుంటుంది, టైర్లు లోపలి అంచున తరుగుతాయి.

సర్దింది సరిపోయిందో లేదో తెలుసుకునే పరికరం చాలాసార్లు చాక్‌పీసు. టైరు బుగ్గ మీదినుంచి తొక్క దాకా గీత గీసి ఒక పరుగు తీస్తారు. గీత ఎంతవరకు చెరిగిందో చూస్తే టైరు ఎంతవరకు పొర్లిందో తెలిసిపోతుంది. బుగ్గ మీద గుర్తు దాటి చెరిగితే గాలి పెంచాలి, తొక్క అంచు కూడా తాకకపోతే తగ్గించాలి. టైరు లోపల, నడుమ, బయట వేడి కొలిచే సూది పరికరాలున్నాయి, పొడవాటి ట్రాకుల మీద అవి బాగా పనికొస్తాయి. నిమిషం పరుగులో టైరు పూర్తిగా వేడెక్కనే వేడెక్కదు కనుక ఇక్కడ చాక్‌పీసుదే పెద్దరికం.

ఇంకొంచెం లోతుకు పోయేవాళ్లు నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెడతారు. డ్రైవర్‌నో, అతని బరువుకు సరిపడా ఇసుక మూటలనో సీట్లో కూర్చోబెట్టి తూకం చూస్తారు. ఒక కోడు పొట్టిగా ఉన్న నులక మంచం ఎదురెదురు కాళ్ల మీదే నిలబడ్డట్టు, ఒక స్ప్రింగు కాస్త ఎత్తుగా ఉన్నా ఆ మూలకూ దాని ఎదురు మూలకూ బరువు ఎక్కువవుతుంది. అప్పుడు కారు కుడి మలుపు బాగా తిరిగి ఎడమ మలుపులో మొరాయిస్తుంది. ఎదురు మూలల జత మొత్తం బరువులో సగం వచ్చేవరకు స్ప్రింగు గిన్నెలను మరలతో ఎత్తుతూ దించుతూ కూర్చోవాలి. ఓపిక లేనివాడు చేయలేని పని.

మన ఊళ్లలో కుర్రాళ్లు స్ప్రింగులు కోయించి కారును నేలకు ఆనించడం చూస్తుంటాం. ఇది సస్పెన్షన్ సర్దడం కాదు, చెడగొట్టడం. కోసిన స్ప్రింగు కుంగడానికి చోటు లేక రబ్బరు ఆపు మీద కూలబడుతుంది. స్ట్రట్ కార్లలో మరో ఉపద్రవం ఉంది. కారును మరీ దించితే అది ఒరిగే కీలు బరువు కేంద్రం కంటే త్వరగా కిందికి పోయి, ఒరుగు తగ్గడానికి బదులు పెరిగే ప్రమాదం ఉంది. పైగా తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని రోడ్డు వాహనానికి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పోటీ కారు వేరు, నంబరు ప్లేటు కారు వేరు.

ఎస్‌సీసీఏ స్ట్రీట్ తరగతి నియమాలు ఇలాంటి అతికి కళ్లెం వేస్తాయి. షాకప్‌లు మార్చుకోవచ్చు. ముందుదో వెనకదో ఒక్క బార్ మార్చుకోవచ్చు. స్ప్రింగులు ముట్టుకోకూడదు. టైరు మరీ మెత్తని రబ్బరుది కాకుండా, అరుగుదల అంకె 200కు తగ్గకూడదు. ఇంత కట్టడిలోనూ ఇద్దరు డ్రైవర్ల కార్లు ఒకదానితో ఒకటి పోలవు. ఒకరు ముందు బార్ పెంచుతారు, మరొకరు వెనక టైర్లలో అర పీఎస్ఐ గాలి తీస్తారు. ఒకసారికి ఒకటే మార్చి, పరుగు తీసి, సమయం నోటు పుస్తకంలో రాసుకుంటారు. రెండు ఒకేసారి మార్చినవాడికి ఏది మేలు చేసిందో ఎప్పటికీ తెలియదు.

సాయంత్రం కోన్లు ఎత్తేస్తారు. వచ్చిన కార్లలో చాలావాటికి ఇంటికి పోవాల్సింది అదే చక్రాల మీద. డ్రైవర్లు వంగి షాకప్ మరలు నాలుగైదు చిటుకులు వదులు చేస్తారు, టైర్లలో గాలి రోడ్డుకు తగ్గట్టు సరిచేస్తారు, బుగ్గల మీద మిగిలిన సుద్ద గీతలను గుడ్డతో తుడిచి, వెనక సీట్లో హెల్మెట్ పడేసి ఊరి దారి పడతారు.